గేజి రీడరు గారి ఒంటరి వేట

మా బావ జలాశయం దగ్గర గేజి రీడరు. ఆనకట్ట లోపలి గోడకు పొడుగాటి పలక ఒకటి బిగించి ఉంటుంది. దాని మీద మీటర్లూ సెంటీమీటర్లూ గీసి ఉంటాయి. నీరు ఏ గీత దగ్గరుందో చూసి, పుస్తకంలో రాసి, కంట్రోల్ రూముకు పంపాలి. పొద్దున ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి. ఇంతే ఉద్యోగం. ఇంత చిన్న ఉద్యోగాన్ని ఇరవై తొమ్మిదేళ్ళపాటు చెయ్యకుండా నెట్టుకురావడం ఎలాగో మా బావను చూసి నేర్చుకోవాలి.

పలక దాకా దిగడానికి నూట పన్నెండు మెట్లున్నాయి. బావ ఆ మెట్ల జోలికి పోయేవాడు కాదు. క్వార్టర్సు వరండాలో టీ గ్లాసుతో నిలబడి, నీళ్ళ వంక ఒకసారి, ఆకాశం వంక ఒకసారి చూసి, నిన్నటి అంకెకు కొంచెం కలిపో తీసేసో రాసేవాడు. శుద్ధ కాకిలెక్క. ఆయన పుస్తకంలో ఏ పేజీ తిప్పినా అంకె చివర సున్నా ఉంటుంది, లేకపోతే అయిదు ఉంటుంది. అంత పెద్ద జలాశయమూ ఆయనకు భయపడి సున్నా దగ్గరో అయిదు దగ్గరో బుద్ధిగా ఆగేదన్నమాట. అడిగితే, "అన్ని నీళ్ళున్నాక చివరి అంకె ఎవడిక్కావాలి?" అనేవాడు.

ఇక ఆయన వేట సంగతి. వానలు తెరిపిచ్చి, ఎండ మెత్తబడి, శరత్కాలం అడుగుపెట్టగానే బావకు కాలు నిలవదు. ఏటా మూడు రోజులు పడవ వేసుకుని చేపల వేటకు పోతాడు, అదీ ఒక్కడే. తోడు తీసుకెళ్తే చోటు తెలిసిపోతుందట. ఆ చోటు ఎక్కడో పెళ్ళానికి కూడా చెప్పడు. వేటకని నా చేత ఒక చొక్కా కుట్టించుకున్నాడు. నాది ఆనకట్ట దిగువ వీధిలో కుట్టు దుకాణం లెండి. పద్నాలుగు జేబులు పెట్టమన్నాడు, పెట్టాను. పన్నెండింట్లో ఏమీ ఉండదు. చేపలు పట్టడం మాత్రం ఆయనకు వచ్చు, అది కాదనను. ఇంటికి వచ్చేటప్పుడు మూడు కిలోలున్న చేప వారం తిరిగేసరికి టీ కొట్టు దగ్గర ఆరు కిలోలయ్యేది.

ఆ మూడు రోజులకూ సెలవు పెట్టొచ్చు కదా అంటారా? పెట్టడు. ఇన్నేళ్ళలో ఒక్క రోజూ సెలవు వాడుకోలేదని ఆఫీసువాళ్ళు ఒక ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని అద్దం కట్టించి ముందుగదిలో, వచ్చినవాళ్ళకు ఎదురుగా కనబడేలా తగిలించాడు. సెలవు పెడితే ఆ అద్దం వెనక కాగితం అబద్ధమైపోతుంది. అందుకని ఆఫీసు ఫోను ఇంట్లో పడేసి, సొంత ఫోను పట్టుకుని పడవెక్కేవాడు. రీడింగులు మా అక్క తీసేది, ఆయన పేరు మీద.

అక్క ఆ మూడు రోజులూ మెట్లు దిగేది. రోజుకు మూడుసార్లు. మోకాళ్ళ నొప్పితో పక్క గోడ పట్టుకుని, ఒక్కో మెట్టూ రెండు కాళ్ళు ఆనించి దిగేది. దిగాక కూడా వెంటనే రాయదు. నీరు పలక మీదికి ఎగసి మళ్ళీ జారుతూ ఉంటుంది కదా, ఏడు అలలు వచ్చేదాకా నిలబడి, పై గీతా కింది గీతా చూసుకుని, మధ్యది రాస్తుంది. ఎవరూ నేర్పలేదు. బావ ఇంట్లో లేని రోజుల్లో దానికి తోడుగా వెళ్ళేదాన్ని కాబట్టి నేను చూశాను. "అంత అవసరమా అక్కా?" అంటే, "రాయాలన్నాక చూడొద్దా?" అనేది. కంట్రోల్ రూము నుంచి ఎవరైనా ఫోను చేస్తే ఆయన స్నానంలో ఉన్నాడని చెప్పేది. రోజుకు నాలుగు స్నానాలు చేసే ఉద్యోగి గురించి వాళ్ళేమనుకున్నారో తెలియదు.

ఈ ఏడు బావకు రిటైర్మెంటుకు నాలుగు నెలలుంది. బుధవారం సాయంత్రం వరండాలో నిలబడి నలభై పాయింట్ అయిదు సున్నా అని రాశాడు. నలభై ఒకటి దాటితేగానీ గేట్లు ఎత్తరు. ఇంకా అర మీటరు ఖాళీ ఉంది, మూడు రోజులదాకా గేట్ల బెడద లేదని లెక్క కట్టాడు. ఊరందరికీ అబద్ధం చెప్పేవాళ్ళను చూశాను గానీ, తను చెప్పిన అబద్ధాన్ని తనే నమ్మి దాని మీద పడవ వేసుకుపోయినవాణ్ణి ఈయన్నే చూశాను.

గురువారం తెల్లవారకముందే వెళ్ళిపోయాడు. ఆరింటికి అక్క మెట్లు దిగింది. పలక చూసి నా వంక చూసింది.

"నలభై పాయింట్ తొమ్మిది మూడు ఉందే."

"నిన్న అయిదు సున్నా కదా బావ రాసింది?"

"రాత్రికి రాత్రి అంత ఎక్కదు."

మళ్ళీ ఏడు అలలు చూసింది. అదే అంకె. రాసి పంపింది. సాయంత్రానికి నలభై ఒకటి పాయింట్ సున్నా రెండు అయింది, అదీ పంపింది. అరగంటలో సైరన్ మోగింది, గేట్లు ఎత్తారు. ఎగువన ఇంకా వానలున్నాయి, మట్టం నలభైన్నరకు దిగేదాకా గేట్లు దించబోమని ఆఫీసు ఫోనుకు కబురు వచ్చింది.

బావ ఉన్నది ఎక్కడో చివర, కొత్తగా మునిగిన మెరక పొలాల్లో. నిండు నీటికి చేపలు మేత కోసం అలాంటి చోట్లకే వస్తాయి. నీరు జానెడు లోతున్న మూలకు పడవ దూర్చి, శుక్రవారం పొద్దెక్కేదాకా హాయిగా నిద్రపోయాడు. లేచేసరికి పడవ బురదలో కూర్చుని ఉంది. నీరు రెండు వందల గజాల అవతలికి వెళ్ళిపోయింది. కాలు దింపితే తొడ దాకా దిగబడింది.

పన్నెండు దాటాక అక్కకు ఫోను చేశాడు. అక్క స్పీకరు పెట్టింది.

"ఏమే, గేట్లు ఎందుకు ఎత్తారు?"

"నలభై ఒకటి దాటిందండీ."

"ఎలా దాటుతుంది? నేను చూసే కదా రాశాను."

నేనుండబట్టలేక, "చూశారా బావా? వరండాలోంచా?" అన్నాను.

"ముందు ఆ మనిషిని నోరు మూసుకోమను," అన్నాడు. తర్వాత గొంతు తగ్గించాడు. మెరక పొలాల వైపు బురదలో చిక్కుకున్నాడట. తాగేందుకు సగం సీసా నీళ్ళే మిగిలాయట. ఎండ నెత్తిన దంచుతోందట. పట్టిన చేప పక్కనే ఉందిట, వాసన కొడుతోందట.

"ఆఫీసు రబ్బరు పడవ పంపమని అడుగుతానండీ. సరిగ్గా ఎక్కడున్నారో చెప్పండి."

"పిచ్చా నీకు? డ్యూటీలో ఉండాల్సినవాణ్ణి ఇక్కడున్నానని తెలిస్తే ఇంకేమైనా ఉందా? నాలుగు నెలల్లో పెన్షను. ఆ మాట ఎత్తకు." కాస్త ఆగి, "సాయంత్రం రీడింగు నలభైన్నర అని పంపు. గేట్లు దించేస్తారు. పైనుంచి నీళ్ళు వస్తూనే ఉన్నాయి కాబట్టి తెల్లారేసరికి నా పడవ తేలుతుంది," అన్నాడు.

నాకు ఒళ్ళు మండిపోయింది. నా దుకాణం, నా ఇల్లు, మా వీధి మొత్తం గేట్ల దిగువనే ఉన్నాయి. దొంగ అంకె పంపి గేట్లు మూయిస్తే రాత్రి నీరు మళ్ళీ పైకి ఎక్కుతుంది. అప్పుడు ఒక్కసారిగా అన్నీ ఎత్తుతారు. ఒక మనిషి గారి చేపా, పద్నాలుగు జేబులూ క్షేమంగా ఇల్లు చేరడానికి మా వీధి మునగాలా? అదే అక్కతో అన్నాను, ఇంకా గట్టిగానే అన్నాను. అక్క విని, గిన్నెలు కడుక్కుంటూ ఉండిపోయింది.

సాయంత్రం ఇద్దరం మెట్లు దిగాం. అక్క ఏడు అలలు చూసింది. నలభై పాయింట్ ఆరు ఎనిమిది. పుస్తకంలో అదే రాసింది. ఆఫీసు ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు పట్టుకుని నిలబడింది. ఆ ఫోను నుంచి అన్నేళ్ళూ మెసేజీలు కొట్టడమే గానీ తనంతట తాను ఎవరికీ ఫోను చెయ్యలేదు.

"కంట్రోల్ రూమా అండీ? నలభై పాయింట్ ఆరు ఎనిమిది. నేను రీడరు గారి భార్యను. నేనే దిగి చూశాను. ఆయన లేరు. మెరక పొలాల వైపు ఎక్కడో బురదలో చిక్కుకున్నారు. తాగడానికి నీళ్ళు లేవు, పడవ పంపండి."

తర్వాత బావకు చెప్పింది. ఆయన తిట్టిన తిట్లు రాయను. పడవవాళ్ళు ఫోను చేసి ఏ వైపున్నావని అడిగితే, అంత ప్రాణం మీదికొచ్చినా, చోటు చెప్పడానికి నీళ్ళు నమిలాడట. చివరికి చీకటి పడ్డాక టార్చిలైట్ల వెలుగులో తాళ్ళూ చెక్కలూ వేసి లాక్కొచ్చారు. మొహం కమిలిపోయి, నడుం దాకా బురదతో, చేపను మాత్రం చంకలో పెట్టుకుని దిగాడు. దాన్ని పారబొయ్యమని పడవవాళ్ళే చెప్పాల్సి వచ్చింది.

శనివారం ఇంజనీరు క్వార్టర్సుకు వచ్చాడు. ముందుగదిలో ఆ ప్రశంసాపత్రం కిందే కూర్చుని పుస్తకం తెరిచాడు. కోప్పడలేదు. బుధవారం సాయంత్రం అంకె మీదా, గురువారం పొద్దుటి అంకె మీదా రెండు వేళ్ళు పెట్టాడు.

"ఒక్క రాత్రిలో నలభై మూడు సెంటీమీటర్లు పెరగదండీ. ఈ రెండింట్లో ఒకటి తప్పు. ఏది?"

"గురువారంది సార్," అన్నాడు బావ తడుముకోకుండా. "మా ఆవిడ చూసింది. ఆడమనిషి, తనకేం తెలుస్తుంది."

"గురువారం సాయంత్రం గేట్ల దగ్గర మా వాళ్ళు కూడా చూశారు. నలభై ఒకటి దాటింది నిజమే. తప్పు బుధవారందే. ఇలాంటివి ఎన్నున్నాయో తెలియదు గానీ, ఇది మాత్రం పైనుంచి వరద వస్తుండగా జరిగింది. రాసింది ఎవరో వాళ్ళ మీద రిపోర్టు వెళ్తుంది. పెన్షను కూడా అందులోనే తేలుతుంది."

బావ మొహంలో నెత్తురు చుక్క లేదు. ఆ మొహంతోనే, కళ్ళు పైకెత్తకుండా, "బుధవారం కూడా తనే రాసింది సార్. నాకు జ్వరం. పడుకుని ఉన్నాను," అన్నాడు.

ఇరవై తొమ్మిదేళ్ళు కాపురం చేసిన మనిషిని నోటికొచ్చిన మాటతో ముందుకు తోసి, వెనకాల దాక్కున్నాడు. ఛీ అనిపించింది. అక్క వంటింటి గుమ్మం దగ్గర నిలబడి ఉంది. ఇంజనీరు దాని వైపు తిరిగాడు.

"అమ్మా, బుధవారం సాయంత్రం రాసింది మీరేనా?"

అవునంటే అయిపోతుంది. అక్క ఉద్యోగి కాదు, ఆమెను ఎవరూ ఏమీ చెయ్యలేరు. జ్వరం వచ్చిన మనిషి భార్య చేత రాయించాడనీ, చెప్పకుండా వేటకు పోయాడనీ ఒక మందలింపుతో పోతుంది, పెన్షను నిలుస్తుంది. కాదంటే ఇద్దరి బతుకు మీదా కోత పడుతుంది. పిల్లలు లేరు, వేరే ఆధారం లేదు. అంతా ఒక్క క్షణంలో నా బుర్రలో తిరిగింది. నేను దాని వెనకే నిలబడి ఉన్నాను. ఎవరికీ కనబడకుండా నడుం మీద గట్టిగా గిల్లి, "అవునను," అన్నాను చెవి దగ్గర.

అక్క నా చెయ్యి తీసి పక్కన పెట్టింది.

"కాదండీ," అంది. "గురువారం నుంచే నావి."

ఇంజనీరు తల ఊపి రాసుకున్నాడు. పెన్షనులో మూడో వంతు పోయింది. బావ ఆ మిగిలిన నాలుగు నెలలూ ఆఫీసులో ఒక మూల కూర్చుని ఫైళ్ళకు దారం కట్టాడు. ఇప్పటికీ టీ కొట్టు దగ్గర, పెళ్ళాం వల్ల మోసపోయానని చెప్పుకుంటున్నాడు. వినేవాళ్ళు కూడా ఉన్నారు. ఆయన గురించి నాకు బెంగ లేదు, ఆయన అంతే.

ఇంజనీరు వెళ్ళిపోయాక వంటింట్లో అక్కను పట్టుకుని కడిగేశాను. "నీకు బుద్ధుందా? ఒక్క మాట అంటే నీ సొమ్మేం పోయేది? రేపు ఏం తింటావు? నిన్న అంత ఎండలో మొగుణ్ణి బురదలో ఉంచి మరీ మా వీధిని కాపాడావు. ఇవాళ నీ ఇల్లు నువ్వు కాపాడుకోవద్దా?" అని అరిచాను.

అక్క స్టవ్వు మీద టీ పెడుతోంది. వెనక్కి తిరిగి నన్ను చూసింది. బావను అన్నేళ్ళూ ఎలా చూసిందో అలాగే చూసింది, కోపమేం లేదు.

"నిన్న నీ కోసం రాశాననుకున్నావా?" అంది.