ముహూర్తం వేళ రైడ్

ఆ ఉదయం ఎల్బీ నగర్ ఫంక్షన్ హాల్లో ఉన్నవి: కెమెరాలు నాలుగు, వాటన్నిటినీ ఒకేసారి రికార్డు చేసే కంప్యూటర్ ఒకటి, దాని పక్కన నాలుగు హార్డ్ డిస్కుల పెట్టె. ఉన్నవాళ్లు: మా స్టూడియో యజమాని (అందరం అన్న అనేవాళ్లం), కెమెరావాళ్లు, రెండు వైపుల చుట్టాలు, నేను. ఆ రోజుల్లో ఏ పనికైనా ఇలా జాబితా రాసుకుంటే తప్ప నాకు చేతులు ఆడేవి కావు. (ఇప్పుడూ అంతే. కాకపోతే ఇప్పుడు దాన్ని ప్లానింగ్ అంటున్నారు.)

ఇంజినీరింగ్ అయ్యాక నా మొదటి ఉద్యోగం దిల్‌సుఖ్‌నగర్‌లోని ఆ పెళ్లి వీడియోల స్టూడియోలోనే. దీనికి ముందు మేం తీసిన పెళ్లిలో, సరిగ్గా తాళి కట్టే వేళకు, డిస్కు వేగం చాలక రికార్డింగ్ ఆగిపోయింది. వీడియోలో పెళ్లికొడుకు తాళి అందుకుంటాడు. మరుక్షణం అందరూ భోంచేస్తుంటారు. "ఈసారి గిట్లనే అయితే స్టూడియో బంద్ చేసుడే తమ్మీ. నువ్వు సుత ఇంటికే," అన్నాడు అన్న.

"నాలుగు డిస్కులు కలిపి వాడదాం అన్నా. వీడియోని ముక్కలు చేసి తలా ఒకటి ఒకేసారి రాస్తాయి. బంతిలో ఒక్కడికి బదులు నలుగురు వడ్డించినట్టు."

"మంచిగుంది. అండ్ల ఒకడు పడిపోతే?"

"బంతి మొత్తానికీ భోజనం ఉండదు."

ఒక డిస్కు పోయినా డేటా దక్కే పద్ధతి ఇంకొకటుంది గాని, మా పెట్టెలో అది రాయడం నెమ్మది. అందుకే పట్టిక గీసి, మంచిచెడ్డలు బేరీజు వేసి, వేగమైన పద్ధతినే ఖాయం చేశాను. పెద్ద ఫైళ్లు కాబట్టి ముక్కలూ పెద్దవే పెట్టాను. పెళ్లి కాగానే కాపీ తీయాలని షరతు. డిస్కులను ఇలా జత చేయడాన్ని మా రంగంలో రైడ్ అంటారు. ఆ మాట పెళ్లి పందిట్లో ఎలా వినిపిస్తుందన్న గడి మాత్రం నా పట్టికలో లేదు.

బ్యాండు మోతలో, హాలు గుమ్మం దగ్గరున్న అన్నకు ఫోన్‌లో గట్టిగా చెప్పాను: "అన్నా, రైడ్ మొదలైంది. ఎవర్నీ ఏదీ ముట్టుకోనివ్వకు. అంతా రికార్డవుతోంది."

కాసేపటికి పంతులుగారు అమ్మాయిని తీసుకురమ్మన్నారు. బుట్ట సిద్ధం, అమ్మాయి సిద్ధం. బుట్ట ఎత్తాల్సిన మేనమామ లేడు. ఆయనకు కొత్తపేటలో నగల దుకాణం ఉంది.

"మా తమ్ముడండీ," అంది పెళ్లికూతురి తల్లి, ఏడుపు ఆపుకుంటూ. "ఎవరో కుర్రాడు రైడ్ అన్నాడని చెప్పి కిందికెళ్లాడు. ఫోన్ ఎత్తట్లేదు."

అన్న నెమ్మదిగా నా వైపు తిరిగాడు. "నువ్వేనా?"

సెల్లార్‌లో, కారు వెనక సీట్లో, తలమీద కండువాతో దొరికాడాయన. అద్దం కొంచెం దించి, "ఇన్‌కమ్ టాక్స్ వాళ్లు ఎంతమంది వచ్చారు బాబూ?" అని గుసగుసగా అడిగాడు.

"నాలుగండీ," అన్నాను. నేను డిస్కులు లెక్కపెట్టాను.

"లెక్కలన్నీ పట్టుకున్నారా?"

"సార్, గది పెళ్లి వీడియో మిషన్ పేరు," అన్నాడు అన్న. "జర దిగుండ్రి. పిల్ల బుట్టల కూసోని ఎదురుచూస్తున్నది."

బుట్ట ముహూర్తానికి ముందే మండపం చేరింది. భోజనాల దగ్గర ఆయన నా ఆకులో ఇంకో బొబ్బట్టు వేయించి, "దానికి ఇంకేదైనా పేరు పెట్టండి బాబూ," అన్నాడు.

ఇప్పుడు నేను పెద్ద సర్వర్ల మధ్య పనిచేస్తున్నాను. పట్టిక నిండితే అన్నీ తెలిసినట్టేననుకున్న ఆ కుర్రాడు గుర్తొస్తే నవ్వొస్తుంది, కాస్త ముద్దూ వస్తాడు. వాడి డిస్కులు మాత్రం మాట నిలబెట్టుకున్నాయి. ఆ రికార్డింగ్‌లో పోయిన ఫ్రేములు సున్నా. మేనమామ కోసం అందరూ ఎదురుచూసిన మండపం కూడా అందులో భద్రంగా ఉంది, పద్దెనిమిది నిమిషాలు.