మేనమామ ఒళ్లో

పోయిన నెల రాయదుర్గం నుంచి ఒకాయన ఫోన్ చేసి, కూతురి కొడుక్కి చెవులు కుట్టిస్తున్నామనీ, నేను రాకపోతే ఆచారిని వాకిట్లోంచే వెనక్కి పంపేస్తాననీ బెదిరించాడు. నా మోకాళ్లు బస్సెక్కడానికి ఒప్పుకోవడం మానేసి చాలా కాలమైంది. అయినా ఆ పిలుపు కాదనలేకపోయాను. ఆయన ఏడాది పిల్లవాడిగా ఉన్నప్పుడు, ఆయన చెవులు కుట్టకుండా అడ్డుపడ్డది నేనే.

పంతొమ్మిది వందల డెబ్భైల చివర్లో నేను నెత్తురు జబ్బులు తరం నుంచి తరానికి ఎలా దిగుతాయో వెతుక్కుంటూ కంబదూరు, కుందుర్పి వైపు పల్లెలు తిరిగేదాన్ని. జీపులో గాజు గొట్టాలు, అవి చల్లగా ఉండటానికి రంపపు పొట్టులో చుట్టిన ఐసు గడ్డ. తాగే నీళ్లకే కటకటలాడే ఊరికి ఐసు మోసుకొచ్చే మనిషిని ఎవరు నమ్ముతారు? పైగా మందివ్వని డాక్టరు. "ఈయమ్మ ఇచ్చేదేమీ లేదు, నెత్తురు మాత్రం పీక్కొని పోతాది" అని శనక్కాయలు ఒలుస్తూ ఆడవాళ్లు నా ముందే అనుకునేవారు. అందులో అబద్ధమేమీ లేదు గనుక నేనూ నవ్వేదాన్ని. మేనరికాల సంగతి సరేసరి. ఒక్కో ఇంటి వంశం కాగితం మీద గీస్తే, గీతలు బయటికి పోయినట్టే పోయి మళ్లీ ఆ వాకిట్లోకే వచ్చేవి.

కంబదూరు దగ్గర పల్లెలో ఒక జేజి ఉండేది. మా వైపు అవ్వను అలా అంటాం. ఆమె సంతానంలో మగపిల్లలకు చెవులు కుట్టరు. అమ్మవారి మొక్కు అని చెప్పేది. మొక్కులు మామూలుగా ఇంటిపేరు వెంట, మగవాళ్ల వెంట నడుస్తాయి. ఇది ఆడపిల్లల వెంట నడిచింది. జేజి దాన్ని పుట్టింటి నుంచి తెచ్చుకుని, కూతురితో రాయదుర్గం అత్తగారింటికి పంపింది. "అయినా నా మనవనికి కుట్టేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకునేదానికి మేనమామ యాడుండాడు?" అంది. ఆమె కొడుకులిద్దరూ చిన్నతనంలోనే పోయారు. ఒకడు చింతచెట్టు మీద నుంచి పడి, ఇంకొకడు పాలపన్ను ఊడి. పన్ను ఊడితే ప్రాణం పోవడమేమిటని ఊరంతా ముక్కున వేలేసుకుంది. నాకు మాత్రం అర్థమైంది. నెత్తురు గడ్డకట్టని జబ్బొకటుంది. తల్లిని బాధపెట్టకుండా ఆమె ద్వారా కొడుక్కి దిగుతుంది. దాన్ని మా జిల్లాలో నా అంతట నేను కనిపెట్టినందుకు ఆ పూట నాకు సంతోషం కూడా కలిగింది. పరిశోధకులకు అలాంటి సంతోషాలు కలుగుతాయి, ఏం చేస్తాం.

అప్పటికే రాయదుర్గంలో ఆ కూతురి మామ, ఏడాది మనవడికి చెవులు కుట్టించడానికి ముహూర్తం పెట్టేశాడు. వాళ్ల మొక్కుతో తన ఇంటికేం పనన్నాడట. జేజిని జీపులో ఎక్కించుకుని పోయాను. పిల్లవాడి నెత్తురు తీసి గొట్టాన్ని ఎంతసేపు వంచి చూసినా, అది నీళ్లలా కదులుతూనే ఉంది. జేజి నా ముఖం చూసి పక్కకు లాగింది.

"కుట్టద్దని చెప్పు తల్లీ. యా పక్క నుంచి వచ్చిండాదో మాత్రం చెప్పద్దు. చెప్పినావంటే నా బిడ్డను ఈ పొద్దే నాతో పంపించేస్తారు. మొక్కంటే అమ్మవారి మీద పోతాది, నెత్తురంటే ఆడదాని మీద పడతాది."

కుడితే నెత్తురు నిలవదనీ, బిడ్డ దక్కడనీ పెద్దాయనకు చెప్పాను. ఆయన ఆ ప్రశ్నే వేశాడు.

"యా పక్క నుంచి వచ్చిండాది డాక్టరమ్మా ఇది?"

తలుపు వెనక గాజుల చప్పుడు ఆగిపోయింది.

"బిడ్డంటే రెండిళ్ల నెత్తురు పెద్దాయనా. పాలల్లో నీళ్లు కలిసినాక ఏది యాడిదో ఎవురు చెప్తారు?"

అలా విడదీసి చెప్పడానికే నాకు జీతమిచ్చేవాళ్లు. ఇప్పుడడిగినా అదే జవాబు చెబుతాను. పెద్దాయన కండువా దులిపి భుజాన వేసుకుని, "అట్లయితే ఆ మొక్కు మాకూ ఉండనీ" అని లేచాడు.

జేజి మరి కొన్నేళ్లకు పోయింది. పిల్లవాడు కీళ్లు వాచి మంచం పట్టినా, ఎలాగో నెట్టుకొచ్చి పెద్దవాడయ్యాడు. ఆయనకో కొడుకు, ఓ కూతురు. తండ్రి నుంచి ఈ జబ్బు కొడుక్కి రాదు, కూతురు మోస్తుంది. ఆ కూతురి బిడ్డకు పుట్టగానే పరీక్ష చేయించారు. జబ్బు లేదు. అందుకే ఈ పండగ.

ఆచారి బంగారు తీగ గుచ్చగానే వాడు పైకప్పు ఎగిరిపోయేలా ఏడ్చాడు. ఒక బొట్టు నెత్తురు వచ్చి, దానంతటదే నిలిచిపోయింది. వాణ్ణి ఒళ్లో పెట్టుకుని పీట మీద కూర్చున్న మేనమామ తుండుగుడ్డతో ఆ బొట్టు తుడిచి, మేమంతా తననే ఎందుకు చూస్తున్నామో తెలియక సిగ్గుపడ్డాడు. నెత్తురు గడ్డకట్టడానికి కొన్ని నిమిషాలు చాలని ఒకప్పుడు పాఠాలు చెప్పాను. ఆ పీట మీద ఒక మేనమామ కూర్చోవడానికి మాత్రం జేజి నాటి నుంచి ఇంతకాలం పట్టింది.