రాలేదు అన్న గడి

మా మేడంకి "రాలేదు" అన్న మాట గిట్టేది కాదు. ఒకే వైరస్ సోకినా కొందరు ఆడవాళ్లకే గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ ఎందుకొస్తుందో, కారణం జన్యువుల్లో ఉందో బతుకుల్లో ఉందో తేల్చాలని ఆమె పరిశోధన. నేను ఫారాలు నింపేదాన్ని. రెండో పరీక్షకు రానివాళ్లకు "రాలేదు" అన్న గడిలో టిక్కు పెట్టాలి.

అలా టిక్కు పెట్టిన ఒక నాచారం ఫ్యాక్టరీ కార్మికురాలి కోసం ఓరోజు ఇద్దరం చిల్కానగర్ వెళ్లాం. ఆమె గదికి తాళం వేసి ఉంది.

"పొద్దుగాల్నే డ్యూటీకి పోతది మేడం, చీకటైనంక వస్తది. గప్పటికి మీ దవాఖానా బందుంటది గద," అంది పక్కింటామె.

మేడం మెట్టు మీద కూలబడి, చెప్పులు విడిచి, కాసేపు పాదాలు పిసుక్కున్నారు. తర్వాత నా చేతిలో ఫారం తీసుకుని, నేను పెట్టిన టిక్కును అడ్డంగా కొట్టేసి, పక్కన రాశారు: "ఆమెకు వీలైన వేళకు మేం లేం."

ఆ తర్వాత అలాంటి ప్రతి ఫారం మీదా అదే రాసేవారు. పైవాళ్లు తిప్పి పంపితే, విసుక్కోకుండా మళ్లీ అదే రాసేవారు.

మేడం రిటైరయ్యారు. ఫారాలు కంప్యూటర్‌లోకి వచ్చాయి. "వచ్చింది", "రాలేదు". నొక్కడానికి ఆ రెండు గడులే, రాయడానికి చోటు లేదు.

నిన్న ఉప్పల్ నుంచి రావలసిన ఒకామె కోసం చూశాను. ఐదు కాగానే "రాలేదు" నొక్కి, తలుపుకు తాళం వేసుకుని ఇంటికొచ్చేశాను.