నేను ఎగతాళికి చెప్పిన పేరు

మా ఊళ్లో ఈ సంగతిని ఇలా చెప్పుకుంటారు: మేనత్త పాప చెవిలో పేరు చెప్పింది, చెప్పీ చెప్పగానే పాప పాలు తాగింది, ఇంటి పాతమనిషి పేరు దొరికింది, కథ కంచికి. ఎదురింటి తిప్పక్క అయితే నాకు పూనకం వచ్చిందని కూడా కలిపింది. ఆ మేనత్తను నేనే. నాకు పూనకం రాలేదు. నేను పేరు చెప్పినప్పుడు పాప పాలు తాగలేదు. తాగింది ఆ తర్వాత. ఎప్పుడు తాగిందనేదే అసలు సంగతి. అదొక్కటే అందరూ వదిలేస్తారు.

నేను బీఎస్సీ చదివాను. అనంతపురంలో చాలా ఏళ్లుగా పిల్లలకు కెమిస్ట్రీ చెబుతున్నాను. దయ్యం పట్టిందని తీసుకొచ్చిన పిల్లను, ముందు రక్తపరీక్ష చేయించండి అని వెనక్కి పంపిన మనిషిని. ఈరోజుకీ దయ్యాలను నమ్మను. ఇది చదివి నన్ను నమ్మేవాళ్ల గుంపులో కలపొద్దు.

మా పుట్టిల్లు గుమ్మఘట్ట దగ్గర. అక్కడ నాయన, తమ్ముడు రామాంజి, వాడి భార్య సుజాత ఉంటారు. నాయనకు అప్పటికే ఎనభై దాటాయి. తమ్ముడికి లేటుగా పెళ్లయింది, ఇంకా లేటుగా ఆడపిల్ల పుట్టింది. కాన్పు ఉరవకొండలో సుజాత పుట్టింట్లో జరిగింది. ముప్పై అయిదు రోజులు పాప అక్కడే ఉంది. శుభ్రంగా పాలు తాగింది. ప్రతి వారం బరువు పెరిగింది. బరువులు రాసిన కార్డు నా కళ్లతో చూశాను, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఆ నెలంతా సుజాతకు ఒకటే పని. ఫోన్లో పేర్లు వెతకడం. అర్థం ఏమిటి, ఏ భాషది, ఎంతమందికి ఉంది, అన్నీ చూసేది. చివరికి 'నిహిర' అనేదాన్ని పట్టుకుంది.

"ఈ పేరు మన పక్క ఎవురికీ లేదు వదినా" అంది గొప్పగా.

"ఎవురికీ లేనిది కావల్లంటే ఆధార్ నంబరే పేరు పెట్టు. ఈ దగ్గుమందు పేరేల?" అన్నాను.

మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అయినా మా ఇంట్లో పేరు చెవిలో చెప్పాల్సింది మేనత్తే కాబట్టి, నన్ను పిలవక తప్పలేదు.

పాప మా ఇంటికి వచ్చిన పొద్దున నాయన ఒళ్లో పడుకోబెట్టారు. ఆయన చాలాసేపు చూశాడు. ఆ సాయంత్రం నుంచి పాప రొమ్ము పట్టడం మానేసింది. ఏడుస్తుంది, నోటికి అందిస్తే పెదవులు బిగిస్తుంది. గిన్నెతో పోస్తే పక్కలకు కార్చేస్తుంది. ఆకలి లేక కాదు. ఆకలితోనే ఏడ్చేది.

మరుసటి రోజే రాయదుర్గం తీసుకుపోయాము. అక్కడినుంచి అనంతపురం. రెండు రోజులు సెలైన్ పెట్టారు. గొంతు చూశారు, గుండె చూశారు, రక్తం చూశారు. అన్నీ బాగున్నాయి. కొంచెం తేరుకున్నాక ఇంటికి పంపారు. మళ్లీ తాగకపోతే ఆలస్యం చేయకుండా తీసుకురమ్మన్నారు.

ఇంటికి వచ్చినాక మళ్లీ తాగలేదు. తెల్లారేసరికి ఏడుపు కూడా సన్నబడింది. నడినెత్తి మీద మెత్తటి చోటు లోపలికి దిగింది. ఒంట్లో నీళ్లు అయిపోతున్నాయని నాకు తెలుసు. రామాంజి జీపు కోసం పరుగెత్తాడు.

జీపు వచ్చేలోపల తిప్పక్క లోపలికి వచ్చింది. మా పక్క ఒక పద్ధతి ఉంది. పసిబిడ్డ ఊరకే ఏడ్చి, పాలు ముట్టకపోతే, పేరు కోసం ఏడుస్తోందంటారు. ఇంట్లో చనిపోయినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చెవిలో చెప్పి, ఒక్కొక్క చుక్క పాలు పెదవి మీద వేస్తారు. ఏ పేరుకు మింగితే ఆ మనిషి వచ్చినట్టు.

"జీపు వచ్చేదాంకా ఊరికే ఏడ్సుకుంటా కూర్చునే బదులు చెప్పమ్మే. నీ చదువేమన్నా అరిగిపోతాదా?" అంది తిప్పక్క.

సుజాత నావైపు చూసిన చూపుకు కాదనలేకపోయాను. చెప్పాను. ఓబులమ్మ. చుక్క కారిపోయింది. మారెక్క. కారిపోయింది. ఈరమ్మ, సుంకమ్మ, మా అమ్మ పేరు లక్ష్మిదేవి. దేనికీ మింగలేదు. తిప్పక్క "ఇంకా ఎవురో ఉండారు, గుర్తు చేసుకో" అని ఒకటే సతాయింపు.

నాకు ఒళ్లు మండింది. బిడ్డ ప్రాణం పోతుంటే ఈ హాజరుపట్టీ ఏమిటి? ఈ పద్ధతి ఎంత ఉత్తదో చూపిద్దామని, లోకంలో ఏ ఆడపిల్లకూ ఉండని పేరు ఒకటి కల్పించి తిప్పక్కకు వినబడేలా గట్టిగా అన్నాను.

"చెలమక్క. ఇంద, ఇదీ చెప్పినా. ఇంక లెయ్యి!"

చెలమ అంటే ఎండిన ఏట్లో నీళ్ల కోసం ఇసకలో తవ్వే గుంత. ఇప్పుడు బోర్లు, ట్యాంకర్లు వచ్చాక ఎవరూ తవ్వరు. నేను చిన్నప్పుడు ఒకటీ రెండూ చూసి ఉంటాను. ఆ మాటే ఎందుకు నోట్లోకి వచ్చిందో చెప్పలేను.

పాప ఏడుపు ఆపింది. అంతే. పెదవులు బిగించే ఉంది. చుక్క వేస్తే ఇదివరకు లాగే కారిపోయింది. ఇది నేను, సుజాత, తిప్పక్క ముగ్గురం చూశాము. తిప్పక్క ఇప్పుడు వేరేగా చెబితే అది ఆమె ఇష్టం.

అప్పుడు నడవలో మంచం చప్పుడైంది. నాయన గోడ పట్టుకుని నిలబడి ఉన్నాడు. కర్ర లేకుండా.

"ఆ పేరు నీకెవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదన్నాను. నేనే కల్పించానన్నాను. ఆయన నమ్మలేదు. నన్ను కొడతాడేమో అనిపించింది. యాభై ఏళ్ల దాన్ని, భయపడ్డాను. మరుక్షణం నేలమీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

ఆయన చెప్పింది నాలుగు మాటల్లో రాస్తాను. ఆయనకు అయిదేళ్లప్పుడు పెద్ద కరువు. తొమ్మిదేళ్ల అక్క ఉండేది. చెలమ దగ్గరే పుట్టిందని ఆ పేరు. హగరి ఏటి ఇసకలో మనిషి లోతు గుంతలోకి అక్క దిగి, ముంతతో నీళ్లు తోడి పైకి అందించింది. "ముందు నువ్వు తాగు" అంది. ఈయన దాహం మీద మొత్తం తాగేశాడు. ఆమె తన కోసం మళ్లీ వంగింది. ఇసక జారింది.

ఆరోజు నుంచి ఆ ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదు. అలా పోయిన పిల్ల పేరు పలకరు. మా అవ్వ, అంటే నాయన తల్లి, నేను పుట్టకముందే పోయింది. మా అమ్మకు కూడా నాయన చెప్పలేదట.

ఒకటి మాత్రం నాకు అప్పుడు అర్థమైంది. నాయన ఇంట్లో అందరూ తాగినంక గానీ మంచినీళ్లు ముట్టడు. ఎండలో చేనునుంచి వచ్చినా సరే. మేమంతా అదొక మర్యాద అనుకునేవాళ్లం. పాప ఒళ్లోకి వచ్చిన రోజునుంచి, బిడ్డ పాలు తాగలేదని ఆయన కూడా సరిగా నీళ్లు తాగలేదు. మా గోలలో ఎవరూ గమనించలేదు.

"తాగు నాయనా" అన్నాను. చెంబు ఇచ్చాను. ఎందుకిచ్చానో అడగొద్దు, నాకు తెలియదు. ఆయన పాప మొహం చూస్తూ తాగాడు. గొంతు కదిలింది.

పాప నోరు తెరిచింది. సుజాత రొమ్ముకు చేర్చుకుంది. ఊపిరాడనంత ఆత్రంగా తాగింది. అప్పుడే బయట జీపు హారన్ వినిపించింది. అయినా ఆసుపత్రికి తీసుకుపోయాము. నేనే పట్టుబట్టాను.

తర్వాత నేను ఊరుకోలేదు. చిన్నప్పుడు ఎవరో అంటే చెవిన పడి ఉంటుందా అని ఊళ్లో ముసలివాళ్లందరినీ అడిగాను. "ఒక ఆడబిడ్డ పోయిందంట" అనేవాళ్లే తప్ప పేరు తెలిసినవాళ్లు లేరు. సుజాత తన ఫోన్లో వెతికింది. అర్థం లేదు, మూలం లేదు, ఆ పేరే లేదు. "చూడు వదినా, నీ పేరే నా పేరుకంటే అరుదు" అంది. పుట్టిన సర్టిఫికెట్లో నిహిర అనే రాయించాము. ఇంట్లో చెలమక్క.

ఇప్పుడు దానికి మూడేళ్లు. పొద్దున్నే గ్లాసు పట్టుకుని నాయన మంచం దగ్గర నిలబడుతుంది. "తాగినావా?" అంటుంది. ఆయన తాగితేనే తాను తాగుతుంది. మేము నేర్పలేదు.

పోయిన వేసవిలో దాన్ని అనంతపురం తెచ్చుకున్నాను, పరీక్షించాలనే. ఆరోజు నీళ్లు, పాలు, జ్యూసు, ఏదీ ముట్టలేదు. మధ్యాహ్నం దాటింది. పెదవులు ఎండాయి. నేను బ్యాగు సర్దుతున్నాను, ఆసుపత్రికి పోదామని. మూడూ నలభైకి తనే వచ్చి గ్లాసు ఎత్తి గటగటా తాగింది. గోడ గడియారం చూసి రాసుకున్నాను. రెండు నిమిషాలకు రామాంజి ఫోన్ చేశాడు. "అక్కా, నాయనకు పొద్దున్నుంచి జ్వరం, చుక్క నీళ్లు మింగలేదు. నీకు చెప్తే కేకలేస్తావని చెప్పల్యా. ఇప్పుడే తాగినాడు" అన్నాడు.

యాదృచ్ఛికం అని మీరంటారు. నేనూ అదే అనేదాన్ని, మొన్నటిదాకా.

నాయన ఇప్పుడు మంచం మీద నుంచి లేవడం లేదు. డాక్టరు పెదవి విరిచి పోయాడు. చెంచాతో పోస్తే సగం మింగుతాడు, సగం కారుతుంది. పిల్ల గ్లాసు పట్టుకుని పక్కనే నిలబడి ఆ గొంతునే చూస్తుంటుంది.

దయ్యాలున్నాయా లేవా అని నేను అడగడం లేదు. ఆ పేరు నా నోటికి ఎలా వచ్చిందో చెప్పకపోయినా పోనీ. ఒక్కటి చెప్పండి చాలు. రేపు ఆయన తాగలేకపోతే, ఈ పిల్లకు ముందు ఎవరు తాగాల?