ఆగిన నీళ్ల లెక్క

ఈ ఉదయం కొట్టుకు దిగిన సిమెంటు బస్తాల్లో ఒకటి వానకు తడిసి వచ్చింది. దాన్ని పక్కకు జరుపుతుంటే ఆ వాసన ముక్కుకు తగిలింది. సున్నం, బూడిద, నానిన కాగితం కలిసిన వాసన. అది తగిలితే చాలు, ఒక పట్టీ దానంతట అదే నా నోటికి వస్తుంది. నేలపాలైన నీళ్లు నాలుగు వందల ఇరవై నాలుగు లీటర్లు. రాయిగా గట్టిపడిన సిమెంటు బస్తాలు పద్నాలుగు. కాలిపోయిన మోటారు ఒకటి, ప్లగ్గుల బోర్డు ఒకటి. చచ్చిపోయిన పరిగ చేపలు యాభై ఒకటి. నీళ్లు, బస్తాలు, మోటారు, బోర్డు నావి. వాటిని పట్టీలోంచి ఎప్పుడో కొట్టేశాను. చేపలు మాత్రం నావి కావు. దొంబురు మావ నా మీద నమ్మకంతో అప్పగించినవి.

దొంబురు మావను మీరు చూసి ఉండరు. హుకుంపేట వెళ్లే దారిలో దిగి, గంటసేపు కొండ ఎక్కితే ఆయన ఊరు. బక్కపలచని మనిషి. చొక్కా కాలరుకు వెనక గొడుగు తగిలించుకుని నడిచేవాడు. ఆ ఊరికి పైన ఊట నుంచి నీళ్లు దింపింది ఆయనే. మొదట చీల్చిన వెదురు దోనెలతో, తరవాత అరకులో మా కొట్టులో కొన్న పైపులతో. మా నాన్న ఆయన్ని 'ఏరా' అనేవాడు. ఇంటరు తప్పి గల్లాపెట్టె దగ్గర కూర్చున్న కొత్తలో నేనూ పేరుపెట్టి పిలిచేవాణ్ని. చదువు అబ్బలేదు గానీ లెక్కలు నా అంతట నేనే నేర్చుకున్నాను. సిమెంటు సంచి కాగితం చింపి, వెనకవైపు పెన్సిలుతో వేసేవాణ్ని. గోడకు ఎన్ని ఇటుకలు, కప్పుకు ఎంత ఇనుము, తొట్టికి ఎన్ని లీటర్లు అని మేస్త్రీలు కూడా నన్నే అడిగేవారు.

ఆయన పైపులైను వేసిన ఏడు ఊట దగ్గర మూత తీస్తే ఊళ్లో చుక్క రాలేదు. నేను పైకి వెళ్లి కొలిచాను. ఊట కుళాయికన్నా నలభై అడుగుల ఎత్తులో ఉంది. పైపు సైజు సరిపోయింది. కాగితం మీద నీళ్లు రావాలి, ఊళ్లో రాలేదు. పైపులు ఏమైనా పగిలాయేమో అన్నాను. దొంబురు పైపు మీద అరచేయి ఆనించుకుంటూ కొండ దిగాడు. మధ్యలో నేల కొంచెం ఉబ్బిన చోట పైపు కూడా ఉబ్బెక్కి దిగుతుంది. అక్కడ ఆగాడు.

"ఇక్కడిదాకా సల్లగున్నాది. ఇక్కడ లేదు" అన్నాడు.

పాత గొడుగు ఊస ఒకటి నిప్పుల్లో ఎర్రగా కాల్చి పైపు వీపున గుచ్చాడు. బుస్సుమని గాలి వచ్చింది. ఆ వెనకే సన్నటి ధార. కింద ఊళ్లో ఆడవాళ్ల కేకలు వినిపించాయి.

"సావుకారూ, నీళ్లని లెక్కెట్టావు. దాని ముందర కూకున్న గాలినెవుడు లెక్కెడతాడు?" అని నవ్వాడు.

ఆ రోజు నుంచి నేను ఆయన్ని 'మావా' అన్నాను. అంత మర్యాద ఎందుకని మా నాన్న అడిగాడు గానీ నేను మానలేదు.

తరవాత చాలా ఏళ్లకు నాకు ఇంట్లో పెద్ద చేపల తొట్టి కట్టాలనిపించింది. విశాఖపట్నంలో ఒకరి ఇంట చూశాను. ఆ నీళ్లు గాలంత తేటగా ఉన్నాయి, మోటారు చప్పుడు మాత్రం ఎక్కడా లేదు. అడిగితే అసలు పనంతా నేలమాళిగలో జరుగుతోందన్నారు. అక్కడ ఇంకో తొట్టి ఉంటుంది. పై తొట్టి నుంచి పొర్లిన నీళ్లు అందులోకి దిగి, స్పాంజి, గులకరాళ్లు, బొగ్గు దాటి శుభ్రపడతాయి. మోటారు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. కింది తొట్టిని సంపు అంటారు. మా ఇల్లు వాలు మీద కట్టింది. రోడ్డు వైపు చూస్తే ఒకే అంతస్తు, లోయ వైపు దిగితే కింద సరుకు గది. నేలమాళిగ కోసం నేను తవ్వక్కర్లేదు, కొండే ఇచ్చింది.

పై తొట్టి ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు. పన్నెండు మిల్లీమీటర్ల అద్దం. ఒక్కొక్క అంగుళం నీటికి సరిగ్గా ఒక ఘనపుటడుగు, అంటే ఇరవై ఎనిమిది లీటర్ల పైచిలుకు. ఆ కొలత అంత చక్కగా కుదిరినందుకు రెండు రోజులు సంతోషంగా తిరిగాను. కింది సంపు నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, అడుగున్నర ఎత్తు. బరువు మోయడానికి గోడ పక్కనే ఇనుప బల్ల వెల్డింగు చేయించాను. నీళ్లు పైకి తెచ్చే పైపు మూతిని తొట్టి అడుగుకు మూడంగుళాల ఎత్తులో పెట్టాను, రాళ్ల మీద నీళ్లు వాగులా పారాలని. మోటారు ఆగితే నీళ్లు అదే పైపులోంచి వెనక్కి జారకుండా చెక్ వాల్వు బిగించాను. ఒకవైపే తెరుచుకునే చిన్న తలుపు అది.

మా ఆవిడ పార్వతి నడుం మీద చేతులు పెట్టుకుని చూసింది. "మనుసులకి కుళాయి రోజుకి గంట. సేపలకి మేడ మీద ఒకటి, మేడ కింద ఒకటా? అవి అద్దె ఏటి కడతాయో కనుక్కోండి ముందు."

తొట్టి పూర్తయిన వారానికే దొంబురు మావ సిమెంటు కోసం వచ్చాడు. వాళ్ల ఊట చుట్టూ ఉన్న పాత రాళ్లు కుంగిపోయాయి, కొత్తగా కట్టాలి. ఆ ఊటలో పరిగలు ఉంటాయి. వేలెడంత వెండి చేపలు. వాటిని ఎవరూ పట్టరు, తినరు. అవి తిరుగుతుంటేనే ఆ నీళ్లు తాగుతారు. అవి లేని ఊటలో ఆ ఊరి ఆడవాళ్లు కడవ ముంచరు, కుళాయి తిప్పరు. కొత్త సిమెంటు ఊరిన నీళ్లలో చేప బతకదని, రెండు నెలలు ఆగాలని చెప్పింది నేనే. అప్పటిదాకా మా తొట్టిలో ఉంచుతానన్నదీ నేనే. ఆ మాటలో సాయం కొంత, కట్టిన తొట్టి చూపించుకోవాలన్న సరదా కొంత ఉన్నాయి.

ఆయన తొట్టి చుట్టూ తిరిగి చూశాడు. కిందికి దిగి సంపు చూశాడు. మళ్లీ పైకి వచ్చాడు.

"కరంటు పోతే?"

"వాల్వు ఉంది కదా మావా. మూసుకుంటుంది."

"మన నీళ్లలో ఇసక ఉంతాది. ఒక్క రేణువడ్డమొస్తే మూసుకోదు. ఈ పైపుకి నీటి మట్టం కాడ సిన్న సిల్లు పెట్టు. ఊపిరాడనీ."

"చిల్లు పెడితే నీటి వేగం పోతుంది. నేను లెక్క కట్టే బిగించాను."

నాలుగు రోజులకు మూత ఉన్న బిందెలో చేపలు తెచ్చాడు. గిన్నెతో ముంచి ఇద్దరం లెక్కపెట్టాం, రెండుసార్లు. అరవై.

నెలన్నర అవి హాయిగా ఉన్నాయి. అప్పుడు పార్వతీ నేనూ విశాఖపట్నంలో ఒక పెళ్లికి వెళ్లాం. ఆ సాయంత్రం గాలివాన. ఘాటు రోడ్డు మీద కొండరాళ్లు జారడంతో దారి మూసేశారు. రెండు రోజులు ఇల్లు తాళంలోనే ఉంది.

తిరిగి వచ్చి తలుపు తీసేసరికి మోటారు చప్పుడు లేదు. అద్దంలో నీళ్లు అడుగున మూడంగుళాలు. రాళ్ల సందుల్లో తెల్లటి పొట్టలు. కింది గదికి పరుగెత్తాను. తడి సిమెంటు వాసన. జరిగింది అర్థం చేసుకోవడానికి నాకు నిమిషం పట్టలేదు. కరెంటు పోయింది, వాల్వులో ఇసుక రేణువు ఇరుక్కుంది, పైపు మూతి అంత లోతున ఉండబట్టి పద్దెనిమిది అంగుళాల నీళ్లు వెనక్కి దిగాయి. ఐదు వందల తొమ్మిది లీటర్లు. సంపులో ఖాళీ ఎనభై ఐదు లీటర్లకే. మిగిలినవి నేల మీదికి పోయి, అక్కడ పేర్చిన సిమెంటు బస్తాల్ని తడిపి, నేల మీదే పెట్టిన ప్లగ్గుల బోర్డును ముంచాయి. కరెంటు తిరిగి రాగానే బోర్డు, దాంతో పాటు మోటారు కాలిపోయాయి.

లోతుగా ఉన్న ఒక మూల తొమ్మిది చేపలు ఇంకా మొప్పలు ఆడిస్తున్నాయి. వాటిని బకెట్టులోకి తీశాను. ఇంకో పన్నెండు రోజుల్లో కొత్త ఊట తెరవాలి. ఆ నీళ్ల కోసం ఎదురుచూస్తూ నెలన్నరగా ఊరంతా కింద వాగు నుంచి మోసుకుంటోంది.

పార్వతి మెల్లగా అంది, "వాగులో వలేత్తే యాభై పరిగలు గంటలో దొరుకుతాయి. ఎవులికి తెలుస్తాది?"

నిజంగానే ఎవరికీ తెలియదు. పన్నెండు రోజులూ ఆ మాట నన్ను వదల్లేదు. వల కొట్టులోనే ఉంది. మేకుకు తగిలించి ఉన్న ఆ వలను రోజూ చూస్తూనే ఉన్నాను. కానీ ఆయన నాతో కలిసి రెండుసార్లు లెక్కపెట్టాడు. వేరే నీటి చేపలతో ఆ లెక్క నింపితే అరవై అవుతుందేమో గానీ ఆయన ఇచ్చిన అరవై కాదు. పదమూడో రోజు తొమ్మిది చేపలున్న బకెట్టు పట్టుకుని కొండ ఎక్కాను.

ఊట దగ్గర ఆడవాళ్లు కడవలతో వరుసగా నిలబడి ఉన్నారు. మొదటి కడవ సుకిరి అవ్వది, ఊళ్లో అందరికన్నా పెద్ద మనిషి. ఆమె బకెట్టులోకి వంగి చూసింది.

"మిగతావేవి?"

జరిగింది చెప్పాను. ఒక్క ముక్క దాచలేదు.

"సావుకారి తూకం ఎప్పుడూ తక్కువే!" అంది అవ్వ. అందరూ నవ్వారు. నేను తల దించుకున్నాను. ఇరవై ఏళ్లుగా నా కాటా మీద ఎవరూ మాట అనలేదు. ఆ రోజు అన్నారు, నిజమే అన్నారు.

దొంబురు మావ నవ్వలేదు. బకెట్టు ముందు గొంతుక్కూర్చుని, గిన్నెతో ఐదు చేపల్ని తీసి ఊటలో వదిలాడు. నాలుగు బకెట్టులోనే ఉంచి నా వైపు తోశాడు.

"ఇవి నువ్వట్టుకుపో."

"ఎందుకు మావా? అన్నీ మీవే కదా."

"పంట పోనోడి కాడ మిగిలిన గింజలన్నీ ఊడ్సుకుంటే, ఆడు మళ్లీ ఏటి సల్లుతాడు? అప్పెలాగ తీరుస్తాడు? యాభై అయిదు బాకీ. పెంచి ఇయ్యి. ధాన్యానికైతే పైన కుంచం ఎక్కువడుగుతాం. పేణానికి వడ్డీ లేదు."

వాళ్ల కొండల్లో విత్తనం అప్పు ఇచ్చే పద్ధతి అది. పంట పోతే బాకీ ఉంటుంది గానీ, విత్తనం మాత్రం అప్పు పడ్డవాడి ఇంట్లోనే ఉంచుతారు. ఆ ఐదు చేపలూ కొత్త నీళ్లలో ఒకసారి చుట్టు తిరిగాయి. అవ్వ కడవ ముంచింది.

మరుసటి వారం ఆయనే మా ఇంటికి వచ్చాడు, గొడుగు ఊసతో. కొత్త మోటారు పెట్టాను గానీ ఇంకా నీళ్లు నింపలేదు. నీటి మట్టం ఎక్కడికి వస్తుందో అడిగి, దానికి అర అంగుళం కింద పైపుకు చిల్లు పెట్టాడు.

"కొండ మీద గాలి బయటికి పోవాల. ఇక్కడ లోనికి రావాల. సిల్లు ఒకటే" అన్నాడు. నీళ్లు నింపాక, "ఇప్పుడు నడుపు. ఇప్పుడు నీ సేత్తోనే ఆపు."

ఆపాను. పైన నీళ్లు అర అంగుళం దిగాయి, చిల్లు గుటుక్కున గాలి మింగింది, అంతే. కింద సంపులో నీళ్లు పెరిగి ఆగిన చోట ఆయన గోరుతో గీత గీశాడు. దాన్ని నేను రంగుతో దిద్దాను.

"నడిసే నీళ్లనే లెక్కెట్టావు సావుకారూ. ఆగిన నీళ్లెక్కడికి పోతాయో ముందు సూసుకోవాల" అన్నాడు. కోపం లేదు. నాకు ఒక అంకె తప్పింది, అది చెప్పాడు.

అప్పటి నుంచి నా దగ్గర మోటారు కొన్న ఏ మనిషికైనా బిగించిన వెంటనే ఆపి చూపిస్తాను. ఇళ్లలో, హోటళ్లలో, తోటల్లో నేను వేసిన లైన్లలో కరెంటు పోయినందుకు నీళ్లు పొర్లింది ఇంతవరకూ ఒక్కటీ లేదు. ఈ మాట ధైర్యంగా రాయగలను. లెక్కల మీద నా నమ్మకం తగ్గలేదు. అందులో ఒక వరుస పెరిగిందంతే.

పరిగలు పెంచడం మాత్రం అంత తేలిక కాలేదు. మొదటి ఏడు ఒక్క పిల్లా నిలవలేదు, పెట్టిన గుడ్లన్నీ పెద్ద చేపలే తినేశాయి. రెండో ఏడు సంపులో ఒక మూలకు అద్దం అడ్డుపెట్టి గుడ్లు అందులో ఉంచాను. వేలెడు పొడవు పెరిగినవే లెక్కలోకి వస్తాయి, లేకపోతే ఊట నీటి తోపుకు ఆగవు. ఆ ఏడాది ఏడు చేపలు ఇచ్చాను. మరుసటి ఏడు పది, ఆ తరవాత పన్నెండు. వానలు తగ్గాక బిందెతో కొండ ఎక్కడం నాకు ఏటా ఉన్న పనైంది. దొంబురు మావ గిన్నెతో లెక్కపెట్టేవాడు. పన్నెండు ఇచ్చిన ఏడు నేను ఊటలోకి వంగి చూస్తే అక్కడ చేపలు లెక్కకు అందనన్ని ఉన్నాయి. ఆయన వదిలిన ఐదే అన్ని పిల్లలు పెట్టాయి.

"ఇక్కడ అరవై కన్నా ఎక్కువే అయ్యాయి మావా. ఇంకా బాకీ ఉన్నట్టేనా?"

"ఊటలో పుట్టినవి ఊటవి. నువ్వట్టుకెళ్లినవి నీ నెత్తి మీదవి" అన్నాడు. "ఏటి, బరువుగున్నాదా?" అని నవ్వాడు.

"లేదు మావా. అడిగానంతే."

ఆయన్ని చూడడం అదే ఆఖరు. మూడేళ్ల కిందట చలికాలంలో, వలిసె చేలు పసుపుగా పూసి ఉన్నప్పుడు ఆయన పోయాడు. నేను వెళ్లేసరికి మట్టి కప్పేశారు. ఆ ఏడు బాకీ మాట ఎత్తడానికి నోరు రాలేదు. ఆయన లేకపోయాక ఎవరికి ఇవ్వాలో కూడా తెలియలేదు. మరుసటి ఏడు సుకిరి అవ్వే మా కొట్టు ముందు సంత బుట్ట దించుకుని, "ఏటి సావుకారూ, దొంబురు పోతే బాకీ కూడా పోనాదనుకున్నావా?" అని అడిగింది. నాకు ప్రాణం లేచి వచ్చింది. ఆ ఏడు చలికి పిల్లలు పోయి మూడే ఇవ్వగలిగాను.

మొన్న వానలు వెలిశాక ఎనిమిది పట్టుకెళ్లాను. ఇప్పుడు లెక్క అవ్వదే. చూపు ఆనకపోయినా చేప పొడవు వేలితో చూస్తుంది. ఆరు వదిలింది. రెండింటిని తిరిగి నా బిందెలో వేసింది.

"ఇవి సేపలా, దోమలా? మేపి తీసుకురా."

మేపుతున్నాను. ఆ రెండూ సంపులో అద్దం వెనక బాగానే తిరుగుతున్నాయి. బాకీ ఇంకా పదిహేడు.