వంతెన దగ్గర కుళాయి

గంగిరెడ్లపాడు టెలిఫోన్ ఎక్స్ఛేంజి లైన్‌మన్ కరీముల్లా ఫోను తీగల్ని రోజూ తిట్టేవాడు, ఒక్కరోజు వాటిని ముట్టుకోకపోతే మాత్రం అన్నం సహించేది కాదు. కేబులు గోతులు తవ్వే కూలీగా పలుగు పట్టి మొదలుపెట్టి, తర్వాత నిచ్చెనెక్కి, ఇరవై తొమ్మిదేళ్ళలో చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ లైన్లన్నీ చేత్తో తడిమాడు. ఏ స్తంభం మీద పెట్టెకి మూత లేదో, ఏ పెట్టెలో తొండ కాపురం పెట్టిందో అడిగితే తడుముకోకుండా చెప్పేవాడు. లైను చెడితే మీటరు జోలికి పోయేవాడు కాదు. ఫోను చెవికి ఆనించి, కళ్ళు మూసుకుని, "తడి. వాగు దాటాక మూడో జాయింటు" అనేవాడు. వెళ్ళి చూస్తే తడి సరిగ్గా అక్కడే ఉండేది. ఇలాంటి మనిషికి కాస్త పొగరు ఉండదా? ఉండేది. కాస్తేమిటి, బాగానే ఉండేది.

2007 ఎండాకాలంలో ఆ పొగరు మీదికి బ్రాడ్‌బ్యాండు వచ్చి పడింది. ఎక్స్ఛేంజిలోకి బీరువాంత కొత్త పెట్టె ఒకటి దిగింది. దాన్ని డీస్లామ్ అనాలన్నారు. పాత ఫోను తీగ మీదే ఇంటర్నెట్టు పంపే పెట్టె అది. దాని సంగతులు నేర్చుకు రమ్మని లైన్‌మన్లందరినీ గుంటూరులో మూడు రోజుల క్లాసుకి పంపారు. పాఠం చెప్పిన అబ్బాయి ఇంగ్లీషులో ఎక్స్‌ప్రెస్ రైలు పోనిచ్చాడు. కరీముల్లా ఆ మాటల్ని తెలుగు అక్షరాల్లో నోటుపుస్తకంలో ఎక్కించుకున్నాడు. మోడెము, స్ప్లిట్టరు, సింకు, అటెన్యుయేషను, నాయిస్ మార్జిను... మొత్తం నలభై మాటలు. అర్థమైనవి నాలుగు. మిగతావి అడగొచ్చు కదా అంటే, వాగు దాటాక మూడో జాయింటు చెప్పగలిగినవాడు మీసాలు సరిగా రాని కుర్రాణ్ణి అడుగుతాడా!

ఇంటికొచ్చి పుస్తకం ముందేసుకుని, క్లాసులో విన్నది గుర్తు చేసుకుంటూ కూర్చున్నాడు. పంచలో భార్య జోహరాబీ మిరపకాయలకి తొడిమలు తీస్తోంది. ఆమెకి ఇంగ్లీషు రాదు. కానీ ఎవరైనా తెలియకుండా మాట్లాడుతుంటే మాత్రం ఇట్టే పట్టేస్తుంది.

"నాకు చెప్పండి. నాకు అర్థమైతే మీకు అర్థమైనట్టు" అంది.

"అటెన్యుయేషనూ..." అని నీళ్ళు నమిలాడు కరీముల్లా. కాసేపాగి, "సాగర్ కాలవ తూము దగ్గర నీళ్ళెంత జోరుగా ఉంటయ్? మన చివరి భూముల దాకా వచ్చేసరికి ఎంతుంటయ్? తీగ మీద సిగ్నలూ అంతే. దూరం పోయేకొద్దీ తగ్గిపోద్ది. ఆ తగ్గుదల" అన్నాడు.

"లాసు అనొచ్చుగా దానికి?"

"లాసనే అంటారు."

"మరి స్ప్లిట్టరు?"

"ఒకే తీగ మీద మనం మాట్లాడే మాటా, కంప్యూటరు సరుకూ కలిసి వస్తయ్. ఇంటి దగ్గర దేనికది విడదీసే డబ్బా."

"చేటన్న మాట" అంది జోహరాబీ. కరీముల్లా పుస్తకంలో స్ప్లిట్టరు పక్కన 'చేట' అని రాసుకున్నాడు.

సింకు అంటే ఎక్స్ఛేంజిలో పెట్టే, ఇంట్లో మోడెమూ ఒకదాన్నొకటి పలకరించుకుని, ఏ వేగంతో మాట్లాడుకోవాలో మాట ఖాయం చేసుకోవడం. ఖాయమైతే మోడెం మీద మిణుకుమిణుకుమనే పచ్చదీపం నిలబడి వెలుగుతుంది. నాయిస్ మార్జిను అంటే లైనులో ఉన్న గోల కంటే మన సిగ్నలు ఎంత గట్టిగా ఉందో ఆ తేడా. ఆరైనా ఉండాలి, లేకపోతే మాట తెగిపోతుంది. ఇలా ఒక్కో మాటా జోహరాబీ ముందుకు వెళ్ళి, ఆమె తలూపాకే పుస్తకంలో కుదురుకుంది. వారం తిరిగేసరికి ముప్పై తొమ్మిది మాటలు దారికొచ్చాయి. ఒక్కటే మొండికేసింది.

"బ్రిడ్జి ట్యాపు. అంటే వంతెన దగ్గర కుళాయి" అన్నాడు కరీముల్లా, తనకే నమ్మకం లేకుండా.

"ఫోనుకి కుళాయెందుకండీ?"

"నాకేం తెలుసు! రాసుకోమన్నారు, రాసుకున్నా" అని పుస్తకం మూసేశాడు.

అక్కడితో ఊరుకున్నా బాగుండేది. నోరు ఊరుకోలేదు. ఎక్స్ఛేంజికి నాలుగున్నర కిలోమీటర్ల దూరంలో, లైను అంతమయ్యే చోట బొడ్డువారిపాలెం ఉంది. అక్కడ గురవమ్మకి తొంభై ఏడులో ఎస్టీడీ బూతు పెట్టించింది కరీముల్లాయే. భర్త పోయిన మనిషి, ఆ బూతు మీదే పదేళ్ళు నిలదొక్కుకుంది. ఇప్పుడు ఊరంతా సెల్లు ఫోన్లు వచ్చి, బూతు అద్దాల మీద దుమ్ము పేరుకుంది. "అన్నయ్యా, ఇంటర్నెట్టు షాపు పెట్టుకుంటే? రిజల్టులు, హాల్టికెట్లు అని పిల్లలంతా గంగిరెడ్లపాడు దాకా పరిగెత్తుతున్నారు. మా ఊరికి వస్తదంటావా?" అని అడిగింది. "నేను లేనా? వస్తది" అన్నాడు కరీముల్లా. ఆ ఒక్క మాట పట్టుకుని ఆమె పాడిగేదెని అమ్మి రెండు పాత కంప్యూటర్లు తెచ్చి పెట్టుకుంది.

తర్వాత లైను పరీక్ష చేశారు. ఫలితం చెప్పడానికి కరీముల్లా సైకిలు మీద బొడ్డువారిపాలెం వెళ్ళాడు.

"గురవమ్మా, నీకు లాసు అరవై రెండుంది. మార్జిను చూస్తే నాలుగే."

గురవమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "షాపు తెరవకముందే లాసేంది అన్నయ్యా? మార్జిను మిగిలిద్దో లేదో నేను కదా చెప్పాల్సింది!"

కరీముల్లాకి నవ్వొచ్చింది, ఆ వెంటనే ఏడుపూ వచ్చింది. పత్తి కొట్లో, మిరప యార్డులో తిరిగే మాటలే ఇవి. తీగ మీదికి వచ్చి ఈ పిచ్చితల్లి కొంప ముంచుతున్నాయని ఎలా చెప్పడం?

ఎక్స్ఛేంజి ఆఫీసరు శ్రీకృష్ణ ముప్పై ఏళ్ళవాడు, మంచివాడే. అయితే రూలు దాటడు. "లాసు అరవై దాటితే, మార్జిను ఆరుకి తగ్గితే ఇవ్వకూడదు కరీముల్లా గారూ. రోజుకి పదిసార్లు తెగితే ఆవిడే వచ్చి మనల్ని తిడుతుంది. పెట్టెలో ఒక్క పోర్టే మిగిలింది, ఇంకో పార్టీ అడుగుతున్నారు. మీ మొహం చూసి శనివారం దాకా ఆపుతాను" అన్నాడు. పోర్టంటే పెట్టెలో ఒక లైనుకి ఇచ్చే చోటు. అది పోతే మళ్ళీ కొత్త పెట్టె ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి.

మంగళ, బుధవారాలు కరీముల్లా దారి పొడుగునా ఒక్కో జాయింటూ విప్పి, తుప్పు గీకి, మళ్ళీ మెలేసి చుట్టాడు. వీపు మాడిపోయింది. మార్జిను నాలుగు నుంచి అయిదుకి వచ్చి ఆగింది. ఇంకొక్కటి! బుధవారం సాయంత్రం ఇంటికొచ్చి, టీ గ్లాసు పట్టుకుని తాగడం మరిచి కూర్చున్నాడు.

"అన్నీ చూశారుగా. ఆ వంతెన దగ్గర కుళాయి చూశారా?" అంది జోహరాబీ.

"నీ మొహం! తీగకి కుళాయుంటుందా?" అని కసిరాడు. కసిరిన నోరు అలాగే తెరుచుకుని ఉండిపోయింది. వంతెన. బొడ్డువారిపాలెం లైను కాలవ దాటే వంతెన. అక్కడ యలమంద షెడ్డు.

యలమంద కాలవ మీద లస్కరు, తూముల కాపలా మనిషి. ఎనిమిదేళ్ళ కిందట చివరి భూములకి నీళ్ళు ఎప్పుడు వదులుతారో ఎవరికీ తెలిసేది కాదు. ఊళ్ళోవాళ్ళు తెలుసుకుని చేలకి వెళ్ళేసరికి ఎగువ రైతులు మళ్ళించేసుకునేవాళ్ళు. కళ్ళెదుట మిరప తోటలు వాడిపోతుంటే చూడలేక, కరీముల్లా ఎవరికీ చెప్పకుండా వంతెన పక్క స్తంభం దగ్గర గురవమ్మ లైనుకి ఇంకో తీగ తగిలించాడు. తుమ్మచెట్ల మీదుగా ఆరువందల మీటర్లు లాగి షెడ్డులో ఒక పాత నల్ల ఫోను పెట్టాడు. నీళ్ళు రాగానే యలమంద రిసీవరెత్తి మీట రెండుసార్లు నొక్కేవాడు. బూతులో గంట టింగు టింగుమనేది. గురవమ్మ ఎత్తితే "నీళ్ళొచ్చినయ్ గురవమ్మా" అనేవాడు, అంతే. ఆమె వీధిలోకొచ్చి కేకేస్తే ఊరు ఊరంతా పారలు పట్టుకుని కదిలేది. ఆ ఏడు ఒక్క ఎకరం ఎండలేదు. దొంగ కనెక్షనే, కాదనడానికి లేదు. అలాంటి దొంగతనం చేసినందుకు కరీముల్లా అంటే ఈ కథ చెప్పేవాళ్ళకి ఇంకో పిసరు ఇష్టం.

గురువారం పొద్దున్నే నోటుపుస్తకం పట్టుకుని ఆఫీసరు గదికి వెళ్ళాడు. ఇరవై తొమ్మిదేళ్ళలో ఒక ఆఫీసరుని మాటకి అర్థం అడగడం అదే మొదలు.

"సార్, బ్రిడ్జి ట్యాపంటే ఏంది సార్?"

"అసలు లైనుకి మధ్యలో తగిలించి, తర్వాత వాడకుండా వదిలేసిన కొమ్మ. సిగ్నలు కొంత అందులోకి పోతుంది, చివర దారి లేక వెనక్కొచ్చి అసలుదాన్ని కూడా చెడగొడుతుంది. వంతెనతో పనేం లేదు" అని పుస్తకం తిరగేస్తూ నవ్వాడు శ్రీకృష్ణ. "ఎందుకడిగారు? ఆ లైనుకి అలాంటిదేం లేదే, రికార్డులో చూశాను."

కరీముల్లా రిటైరుమెంటుకి ఏడాదిన్నర ఉంది. ఇప్పుడు నోరు మూసుకుంటే ఎవరికీ తెలియదు. గురవమ్మ గేదె లేని కొట్టం కళ్ళ ముందు ఆడింది.

"రికార్డులో ఉండదు సార్. నేనే వేశా" అన్నాడు. ఎందుకు వేశాడో, ఎప్పుడు వేశాడో అంతా చెప్పి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

శ్రీకృష్ణ పెన్ను మూత తీసి మళ్ళీ పెట్టాడు. "ముందు తీసేసి రండి" అన్నాడు.

వంతెన దగ్గర యలమంద చొక్కా జేబులో సెల్లు ఫోను పెట్టుకుని కూర్చున్నాడు. నల్ల ఫోను మాత్రం దుమ్ము పట్టకుండా ప్లాస్టిక్ సంచి తొడుక్కుని మేకుకి వేలాడుతోంది.

"ఒరేయ్ కరీముల్లా, తీస్తే తియ్యి గానీ, ఒక్కసారి ఆగరా" అని సంచి విప్పాడు. మీట రెండుసార్లు నొక్కాడు. అవతల ఎత్తారు.

"నీళ్ళొచ్చినయ్ గురవమ్మా!"

కింద కాలవ బీటలు తీసి ఉంది. "వైశాఖంలో నీళ్ళేంది బాబాయ్, ఎండదెబ్బ తగిలిందా?" అని గురవమ్మ అరవడం పక్కనున్న కరీముల్లాకీ వినపడింది. యలమంద నవ్వుతూనే ఫోను పెట్టేసి, మొహం కాలవ వైపు తిప్పుకున్నాడు. కరీముల్లా స్తంభమెక్కి తీగ కత్తిరించాడు.

శుక్రవారం మళ్ళీ పరీక్ష చేశారు. లాసు యాభై ఆరు, మార్జిను తొమ్మిది. శ్రీకృష్ణ ఫారం తీసి, లైను బాగుపడటానికి కారణం అన్నచోట 'బ్రిడ్జి ట్యాపు తొలగించడమైనది' అని రాశాడు.

"ఎవరు వేశారో కూడా రాయాలిగా సార్?" అన్నాడు కరీముల్లా బిక్కమొహంతో.

"ఈ ఫారంలో ఆ గడి లేదండీ" అన్నాడు శ్రీకృష్ణ, తలెత్తకుండానే. సంతకం పెట్టాక తలెత్తాడు. "ఇలాంటి కుళాయిలు ఇంకెన్ని పెట్టారు?"

"ఇంకో మూడు సార్."

"దేవుడా! ఎక్కడెక్కడో రాసిచ్చి, ఆ పుస్తకం కూడా ఇటివ్వండి. మిగతా లైన్‌మన్లకి కాపీలు తీయిస్తాను. చేట, కాలవ అన్నీ అలాగే ఉండనివ్వండి."

శనివారం మధ్యాహ్నం కరీముల్లా గురవమ్మ తీగని తన చేత్తోనే ఆఖరి పోర్టుకి కలిపాడు. బొడ్డువారిపాలెంలో ఆమె మోడెం ముందు కూర్చుని దీపం కేసి చూస్తూ ఉంటుంది. ఇక్కడ కరీముల్లా ఫోను పక్కన స్టూలు మీద కూర్చున్నాడు. అయిదు నిమిషాలైంది. పదయింది. ఫోను మోగకముందే రెండుసార్లు ఎత్తి చూశాడు. మూడోసారి నిజంగానే మోగింది.

ఎత్తాడు.

"అన్నయ్యా" అంది గురవమ్మ. "నీళ్ళొచ్చినయ్."

కరీముల్లా రిసీవరు చెవికి ఆనించుకుని, కళ్ళు మూసుకుని అలాగే ఉండిపోయాడు. అది చూసి శ్రీకృష్ణ కుర్చీలోంచి లేచాడు.

"ఏమైందండీ? లైను పోయిందా?"

"లేదు సార్" అన్నాడు కరీముల్లా, తువ్వాలు కోసం భుజం తడుముకుంటూ. "కొంచెం తడి."