వెన్ను మీద పేరు

మా వదిన గురించి చెప్పాలంటే ముందు ఆమె చేతుల గురించి చెప్పాలి. సూది తోసీ తోసీ కుడిచేతి చూపుడువేలు కాయలు కాసింది. గోళ్ల చుట్టూ ఎండిన జిగురు ఎంత రుద్దినా పోదు. నలుగురిలోకి వెళ్లేటప్పుడు కాస్త చేతులు శుభ్రంగా కడుక్కోరాదా అని మా అన్నయ్య ఒకసారి నోరు జారాడు. ఆ వారమంతా వంట ఆయనే చేసుకున్నాడు.

ఆమె గ్రంథాలయంలో బైండరు. వెనకవైపు గదిలో ఆమె, ముందు కౌంటరులో నేను. ఆ ఉద్యోగంలో నన్ను పెట్టించింది తనేనని నెలకోసారైనా గుర్తుచేస్తుంది. చినిగిన పుస్తకాలు నేను లోపలికి పంపిస్తే, ఆమె మడత కాగితాల ఫారాలు విడదీసి, మళ్లీ కుట్టి, కొత్త అట్ట వేసి, వెన్ను మీద బంగారు రేకుతో పేరు అచ్చొత్తి పంపిస్తుంది. అలా పంపిన ప్రతి పుస్తకంలోనూ వెన్ను లోపల, ఎవరికీ కనిపించని చోట, ఒక ఎర్రదారం ముక్క పెట్టి అంటిస్తుంది. ముప్పై ఏళ్లలో ఆమె చేసిన సంతకం అదొక్కటే. గది బయట నాకు తప్ప ఎవరికీ ఆ సంగతి తెలియదు.

ఇంకో పద్ధతి కూడా ఉంది. పనిలో ఉండగా పుస్తకం చదవదు. పేజీల నంబర్లు చూస్తుంది, పేరు చూస్తుంది, అంతే. చదువుతూ కూర్చుంటే కుట్టేదెవరని అంటుంది.

అలాంటి మనిషి పదకొండేళ్లు కూర్చుని నవల రాసింది. కటింగు మిషను దగ్గర మిగిలిపోయిన కాగితం ముక్కలు ఇంటికి తెచ్చి, నోటుపుస్తకాలుగా కుట్టుకుని, పొద్దున్నే వంటింట్లో కుక్కరు కూతలు లెక్కపెడుతూ రాసింది. వాళ్లమ్మ ఆసుపత్రి లాండ్రీలో పనిచేసేది. నవల ఆ తల్లీకూతుళ్లది. దానికి పెట్టుకున్న పేరు 'గాలివైపు కిటికీ'. పేరు చెప్పినప్పుడల్లా ఆమె గొంతు కొంచెం మారేది. కథ గురించి ఎవరేమన్నా వింటుంది గాని పేరు జోలికొస్తే ఊరుకోదు.

ప్రెస్సు యజమాని అచ్చు వేస్తానన్నాడు. లోపలి కాగితాలు అచ్చవుతున్నాయి. ముఖచిత్రం సోమవారం అచ్చుకి వెళ్లాలి. కౌంటరుకొచ్చిన ప్రతివాళ్లకీ ఆ పేరు నేనే చాటింపు వేశాను. నాకు ఆ మాత్రం గొప్ప ఉండకూడదా? మా వంశంలో సంతకం దాటి రాసిన వాళ్లెవరూ లేరు.

ఆ ముందటి గురువారం, రోజూ పేపరు చదవడానికొచ్చే పెద్దాయన ఒకాయన ఒక పాత పుస్తకం తిరిగిచ్చాడు. వెన్ను ఊడి వేలాడుతోంది, అట్ట మీద అక్షరాలు అరిగిపోయాయి. రిజిస్టరులో రాద్దామని లోపలి పేజీ తిప్పాను. 'గాలివైపు కిటికీ' అని ఉంది. కింద ఎవరో రచయిత్రి పేరు. అచ్చయిన ఏడు చూస్తే, అప్పటికి మా వదినకి పెళ్లి కూడా కాలేదు.

ఆ పుస్తకాన్ని సొరుగులో పెట్టి తాళం వేశాను. నా కడుపులో మాట దాగదని మా ఇంట్లో అందరికీ తెలుసు. శుక్రవారం మధ్యాహ్నం దాకా ఆగడమే నా జీవితంలో గొప్ప.

భోజనాల వేళ తీసుకెళ్లి ఆమె బల్ల మీద పెట్టాను. పేరు చూస్తుందేమోనని కాచుకుని నిలబడితే, ఆమె ముందు కుట్టు చూసింది. వెన్ను గుడ్డ పట్టకారుతో మెల్లగా లేపింది. లోపల ఎర్రదారం రంగు వెలిసి ఉంది.

"ఇది నేను కుట్టిందే," అంది.

అప్పుడు పేజీ తిప్పింది. పేరు మీద వేలు పెట్టింది. ఆ మొహం నేను చూడలేక గోడ మీది కత్తెరలు చూస్తూ నిలబడ్డాను.

"ఆ పేరు నా బుర్రలోంచి వచ్చిందనుకున్నానే ఇన్నాళ్లూ. నా వేళ్లలోంచి వచ్చింది."

నాకప్పుడు అర్థమైంది. ఎప్పుడో ఆ పుస్తకం బైండింగుకి వచ్చినప్పుడు, ఆమె ఇత్తడి అక్షరాలు ఒక్కొక్కటే ఏరి, పేర్చి, వేడి చేసి, ఆ పేరును వెన్ను మీద ఒత్తింది. పుస్తకం చదవలేదు. పుస్తకాన్ని మరిచిపోయింది. పేరు మాత్రం చేతిలో ఉండిపోయి, ఏళ్ల తర్వాత తన సొంతదానిలా బయటికొచ్చింది. చదివే అలవాటున్న వాళ్లకి ఇలాంటి పొరపాటు జరగదు.

చివరి పేజీలో, పాఠకులు తీసుకెళ్లిన తేదీల చీటీ చూసింది. ఒకదాని మీద ఒకటి నాలుగు చీటీలు అంటించి ఉన్నాయి, నాలుగూ నిండాయి. "రెండోసారి నా గదికొచ్చిందంటే ఇది రాసినావిడ ఎంత అదృష్టవంతురాలో," అంది. పుస్తకం చినగడం ఆమెకు బాధ కాదు. ఎన్నేళ్లయినా బైండింగుకి రాని పుస్తకాన్ని చూస్తేనే ఆమెకు జాలి.

ఆ సాయంత్రం ఇంట్లో పెద్ద పంచాయితీ. ఒకే పేరున్న మనుషులు ఊళ్లో పాతికమంది ఉంటారు, పుస్తకాలకుంటే తప్పేమిటని అన్నయ్య అన్నాడు. ప్రెస్సు యజమాని ఫోనులో అదే మాట ఇంకాస్త గట్టిగా చెప్పాడు. పేరు మీద ఎవరికీ హక్కు లేదు, ఆ పాత పుస్తకం గుర్తున్న వాళ్లు ఎవరూ లేరు, ముఖచిత్రం సిద్ధంగా ఉందన్నాడు. నేనూ వాళ్ల వైపే మాట్లాడాను. పదకొండేళ్లు మోసిన పేరు నాలుగు రోజుల్లో వదులుకోవడం నావల్ల కాకపోయింది. పుస్తకం నాది కాదని అప్పుడు గుర్తులేదు.

వదిన శనివారం అంతా ఆ పుస్తకం చదివింది. ఆదివారం పొద్దున్న ముగించి కళ్లద్దాలు తీసి పక్కన పెట్టింది. ఎలా ఉందని అడిగాను.

"బాగుంది. ఒళ్లు మండేంత బాగుంది."

రైలు గార్డు భార్య కథ అది. భర్త డ్యూటీ నుంచి ఎప్పుడొస్తాడో తెలియక, ఆమె జీవితమంతా ఒక కిటికీ దగ్గరే గడుస్తుంది. వదిన ఆ కథ చెప్పి, తన రాతప్రతి ముందుకు లాక్కుంది.

"కిటికీ ఆ పుస్తకంలో ఉంది. నా పుస్తకంలో పేరు కోసం పెట్టిన కిటికీ ఉంది. తీసేసినా గోడ పడిపోదు. ఇప్పుడు తెలిసింది కదా, తెలియనట్టు ఉండటం నాకు చేతకాదు."

నాకు కోపం వచ్చింది. ఇంత నిజాయితీ ముఖచిత్రం గీయకముందు రావాల్సింది అన్నాను. అన్నాక నాలిక కరుచుకున్నాను. ఆమె లేచి, డాబా మీద దుప్పట్లు ఆరాయి, వచ్చి ఒక చేయి వేయమంది.

ఎండలో ఇద్దరం చెరో రెండు కొసలు పట్టుకున్నాం. నా కోపమంతా దుప్పటి మీద చూపించి గట్టిగా గుంజాను. ఆమె ముందుకు తూలింది.

"మెల్లగా. ఇలా గుంజితే మా అమ్మ వీపు మీద ఒకటి వేసేది. దుప్పటికి ఇద్దరు కావాలని నన్ను ఆరో ఏటే లాండ్రీకి లాక్కెళ్లింది," అంది. అని ఆగిపోయింది.

నేనూ ఆగిపోయాను. ఆ నవల మొదటి అధ్యాయంలో తల్లీకూతుళ్లు దుప్పట్లు మడుస్తారు. చివరి అధ్యాయంలో తల్లి పోయాక కూతురు ఒక్కతే మడుస్తుంది, ఒక కొస గెడ్డం కింద పెట్టుకుని. రాతప్రతి ఫెయిరు కాపీ రాసింది నేనే, అక్కడ నేను ఏడ్చాను కూడా.

"దుప్పటికి ఇద్దరు," అని ఆమె మెల్లగా ఇంకోసారి అంది, అక్షరాలు పేర్చి చూసుకుంటున్నట్టు. దుప్పటి మా మధ్య అలాగే ఉంది. ఇద్దరం కొసలు వదల్లేదు.

సోమవారం ప్రెస్సు యజమాని నెత్తి కొట్టుకున్నాడు. ముఖచిత్రం మళ్లీ గీయించాడు, పేరున్న కాగితాలు మళ్లీ అచ్చు వేశాడు, పుస్తకం నెల ఆలస్యమైంది. నేను చాటింపు వేసిన వాళ్లందరికీ నేనే తిరిగి పేరు 'దుప్పటికి ఇద్దరు'గా మారిందని చెప్పుకున్నాను. ఎందుకని అడిగితే, చిన్నతనంగా అనిపిస్తుందని అనుకున్నాను గానీ, చెబుతుంటే నా తలే పైకి లేచింది.

ఆ పాత పుస్తకాన్ని వదిన ఆ వారమే ఆకుపచ్చ గుడ్డతో బైండు చేసింది. ఎర్రదారం పెట్టింది. ఆ రచయిత్రి పేరు ఒత్తేటప్పుడు, మామూలుగా పాట పాడుకునే మనిషి నోరు మెదపలేదు.

తన పుస్తకం మూడు ప్రతులు గ్రంథాలయానికి వచ్చినప్పుడు ఆమె మొదట చూసింది బైండింగే. ప్రెస్సువాడు జిగురుతో సరిపెట్టాడని, ఏడాదైనా ఆగదని తిట్టింది. తిట్టినా కళ్లు మెరుస్తూనే ఉన్నాయి. ఆ తర్వాత రోజూ లోపలికి వెళ్తూ, చినిగిన పుస్తకాలు పెట్టే నా బుట్ట వైపు ఒకసారి చూసి వెళ్లేది. నేను చూడనట్టు ఉండేదాన్ని. ఏడాది ఆగింది, రెండేళ్లు ఆగింది. జిగురు గట్టిదేలే వదినా అని వేళాకోళం చేస్తే ఆ రోజు బుట్ట వైపు చూడకుండా లోపలికి వెళ్లిపోయింది. ఆ వేళాకోళం నేను మళ్లీ చేయలేదు.

మూడేళ్ల తర్వాత ఒక నర్సు కౌంటరు దగ్గర తప్పు చేసినదానిలా నిలబడి వదిన పుస్తకం ఇచ్చింది. అట్ట ఒకచోట, కాగితాలు ఒకచోట. తమ వార్డులో చేతులు మారీ మారీ ఇలా అయిందని, ఏమీ అనుకోవద్దని అంది. నేను ఆవిడ చేయి పట్టుకుని ఊపేశాను. ఆవిడ కంగారుపడింది.

కౌంటరు వదిలేసి లోపలికి వెళ్లాను. వదిన చేతిలో పెట్టాను. ఆమె వెన్ను మీద వేలు రాసింది. చివరి పేజీ తిప్పి చీటీలు చూసింది. రెండోది కూడా నిండిపోయి ఉంది.

ఆ మధ్యాహ్నం మిగతా పనంతా పక్కన పెట్టి ఫారాలు విడదీసి కుట్టింది. జిగురు పూసి, వెన్ను గుడ్డ చేతిలోకి తీసుకుంది. ఎర్రదారం ఉండ బల్ల మీదే ఉంది. అది అందించబోయాను.

"దీనికొద్దు," అంది.

గుడ్డ అంటించి, బిగించి, ఆరాక ఇత్తడి అక్షరాల పెట్టె తెరిచింది. పుస్తకం పేరు ఒత్తింది. తర్వాత తన పేరుకి అక్షరాలు ఏరడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్లలో ఆ అక్షరాలను ఆ వరసలో ఎప్పుడూ పేర్చలేదు కాబట్టి ఒక్కొక్కటీ వెతుక్కోవలసి వచ్చింది. నేను పెట్టెలో వెతికి అందించాను. జిగురు అంటిన ఆ వేళ్లతోనే, ఇంటిపేరుతో సహా, బంగారు రేకు మీద ఒత్తింది.